అందరికీ వంతు దక్కే ఆటస్థలం

ఖమ్మం జిల్లా దక్షిణపు అంచున, కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఎర్రుపాలెం మండలం మొదలుకొని ఈశాన్యాన భద్రాచలం అడవుల్లోని కోయ గూడేల వరకు, పిల్లల ఆటస్థలమనేది చాలాకాలం పాటు ఎవరూ ప్రత్యేకంగా కట్టించిన చోటు కాదు. బడి ఆవరణ, చెరువుగట్టు, కోత అయిపోయిన చేను, గుడి ముందరి ఖాళీ జాగా, వీటిలో ఏది దొరికితే అదే ఆటస్థలంగా చెల్లేది. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణం ఏర్పాటు చేయాలని తలపెట్టడంతో ఈ పరిస్థితి కొంత మారి, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు, లాంగ్‌జంప్ గుంట, వ్యాయామపు కడ్డీలు కలిగిన ఒకే రకపు నమూనా పల్లెలకు చేరింది. ఆట కోసమని ప్రతి ఊళ్ళో కొంత నేలను కేటాయించాలనుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఆ నమూనాలోని అంశాలన్నీ పరుగెత్తగల, దూకగల, చూడగల, తోటివారి కేక వినగల బిడ్డను, అందునా పదేళ్ళు దాటిన మగపిల్లవాణ్ణి మనసులో పెట్టుకొని ఎంచినట్టు కనిపిస్తాయి కాబట్టి, చక్రాల కుర్చీలో కూర్చున్న బాలికకూ, చూపు ఆనని పిల్లవానికీ, గోలను భరించలేని ఆటిజం ఉన్న బిడ్డకూ అక్కడ ఒక పక్కన కూర్చొని చూడడం తప్ప వేరే పని మిగలదు.

వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ ఒకేచోట, ఒకే ఆటను, ఒకరితో ఒకరు కలిసి ఆడుకొనేందుకు వీలుగా రూపొందించిన స్థలాన్ని సమ్మిళిత ఆటస్థలం అంటారు. దీనికి ఆధారమైన భావన సార్వత్రిక రూపకల్పన, అంటే ఒక వస్తువునో కట్టడాన్నో ముందు కొందరి కోసం తయారుచేసి తర్వాత మిగిలినవారి కోసం అతుకులు వేయడానికి బదులు, మొదటి గీత గీసేటప్పుడే అందరినీ లెక్కలోకి తీసుకోవడం. చిన్నతనంలో పోలియో సోకి చక్రాల కుర్చీ వాడిన అమెరికన్ వాస్తుశిల్పి రొనాల్డ్ మేస్ ఈ భావనకు పేరు పెట్టగా, ఆయన, సహచరులు కలిసి 1997లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ నుంచి దానికి 7 సూత్రాలను ప్రకటించారు. ఆటస్థలం విషయంలో ఈ సూత్రాలకు ఒక కొసరు కలపవలసి ఉంటుంది: ఆ చోటికి చేరగలగడం వేరు, అక్కడ ఆడగలగడం వేరు. తెలుగు పిల్లలకు మరీ చిన్నవాణ్ణి ఆటలో అరటిపండుగా చేర్చుకొనే ఆనవాయితీ ఉంది; వాడు అందరితో పాటు పరుగెత్తుతాడు గాని, దొరికినా ఔటు కాడు, గెలిచినా లెక్కలోకి రాడు. పసివాడికి అది ముచ్చటే. పన్నెండేళ్ళ బిడ్డను ఎప్పటికీ ఆ స్థానంలోనే ఉంచే స్థలాన్ని, గేటు దగ్గర ఒక ర్యాంపు ఉన్నంత మాత్రాన సమ్మిళితమని పిలవడం సరికాదు.

ప్రపంచంలో వైకల్యం ఉన్న పిల్లలు దాదాపు 24 కోట్ల మంది, అంటే ప్రతి పదిమందిలో ఒకరు ఉన్నారని యూనిసెఫ్ 2021లో అంచనా వేసింది. వీరిలో చక్రాల కుర్చీ వాడేవారు కొందరే. తెలుగునాట వైకల్యమనగానే పోలియోతో కాలు సన్నబడిన బిడ్డ రూపమే పాతతరం వారికి మనసులో మెదులుతుంది గాని, భారతదేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో దేశం పోలియోరహితమని ధ్రువీకరణ పొందింది. నేటి భవిత కేంద్రాలకు, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల స్థాయిలో నడిచే వనరుల కేంద్రాలకు, వచ్చే పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, ఆటిజం, వినికిడి లోపం, మందచూపు ఉన్నవారు కనిపిస్తారు. సెరిబ్రల్ పాల్సీ అంటే పుట్టుకకు ముందో, పుట్టే సమయంలోనో, పసితనంలోనో మెదడుకు కలిగిన దెబ్బ వల్ల కండరాల బిగువూ కదలికా అదుపు తప్పే స్థితి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో పైకి ఏమాత్రం కనిపించని సికిల్‌సెల్ వ్యాధి, థలసీమియా వంటి రక్తరుగ్మతలు కూడా ఉన్నాయి.

ఊయల ఊగడం, గిరగిర తిరగడం, జారడం పిల్లలకు ఎందుకంత ఇష్టమో శరీరశాస్త్రం కొంతవరకు వివరిస్తుంది. లోపలి చెవిలో ఒకదానికొకటి లంబంగా అమరిన 3 అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం వెనుకబడి సూక్ష్మమైన రోమకణాలను వంచడంతో మెదడుకు భ్రమణం తెలుస్తుంది. వాటి పక్కనే ఉన్న రెండు చిన్న సంచుల్లోని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ముందుకు, వెనక్కు, పైకి, కిందికి జరిగే కదలికనూ భూమ్యాకర్షణ దిశనూ తెలియజేస్తాయి. వీటన్నిటినీ కలిపి సమతౌల్య వ్యవస్థ అంటారు. కన్ను, కండరాలు, కీళ్ళు పంపే సమాచారంతో ఈ వ్యవస్థ ఇచ్చే సమాచారాన్ని జతపరచుకోవడం మెదడు సాధన మీదనే నేర్చుకొంటుంది. ఇతర పిల్లలు రోజూ చెట్లెక్కి, గోడలు దూకి, అడగకుండానే పొందే ఈ సాధన, తనంతట తాను కదలలేని బిడ్డకు ఎవరో ఎత్తుకొని తిప్పితే తప్ప దొరకదు. ఊయల అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న బిడ్డకే ఊయల అందకుండా పోతున్నదన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన శారీరక శ్రమ మార్గదర్శకాలు 5 నుంచి 17 ఏళ్ళ మధ్య ఉన్న వైకల్యం గల పిల్లలకు కూడా రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శ్రమను సూచించాయి.

ఆటకు సామాజికమైన పార్శ్వం కూడా ఉంది. అమెరికన్ పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్ 1932లో పసిపిల్లల ఆటను పరిశీలించి, ఒంటరి ఆట, పక్కన నిలబడి చూడడం, పక్కపక్కన ఉండి ఎవరి ఆట వారు ఆడుకోవడం, కలగలిసి ఆడడం, పాత్రలు పంచుకొని సహకారంతో ఆడడం అనే స్థితులను వర్గీకరించింది. పిల్లలు ఈ మెట్లను వరుసగా ఎక్కుతారన్న అభిప్రాయాన్ని తర్వాతి పరిశోధకులు సవరించినా, రూపకర్తలకు ఈ వర్గీకరణ నేటికీ ఉపయోగపడుతున్నది. పక్కపక్కన ఉండి ఆడే అవకాశమే లేనప్పుడు కలిసి ఆడే అవకాశం పుట్టదు కాబట్టి, వీపుకు ఆనుడు ఉన్న ఊయలను ఎక్కడో మూలన విడిగా వేలాడదీయకుండా మామూలు ఊయలల వరుసలోనే పెట్టాలన్న నియమానికి మూలం ఇందులోనే ఉంది.

సాంకేతికంగా సమ్మిళిత ఆటస్థలానికి అన్నిటికంటే కఠినమైన సమస్య నేల. ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి పడిన బిడ్డ నేలను తాకే వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. కాంక్రీటు మీద ఆ వేగమంతా కొన్ని మిల్లీమీటర్లలోనే ఆగిపోవడంతో పుర్రె భరించవలసిన తాకిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇసుక మీద అదే వేగం కొన్ని సెంటీమీటర్ల మేర క్రమంగా తగ్గుతుంది. తాకిడి తీవ్రతనూ అది కొనసాగిన కాలాన్నీ కలిపి లెక్కగట్టే తలగాయ సూచిక అనే కొలత 1000 దాటకుండా నేలపరుపు ఉండాలని అమెరికా, ఐరోపా ప్రమాణాలు నిర్దేశిస్తాయి. సుమారు 23 సెంటీమీటర్ల మందాన పోసిన ఇసుక 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడే బిడ్డను కాపాడగలదని అమెరికా భద్రతా సంస్థ సూచనలు చెబుతున్నాయి. అయితే పడినవాణ్ణి కాపాడే ఇసుకే చక్రాల కుర్చీని ఆపేస్తుంది. కుర్చీ ముందుచక్రాలు సన్ననివి, చిన్నవి కావడంతో బరువు కొద్దిపాటి జాగా మీద పడి అవి కూరుకుపోతాయి. ఊతకర్రల కొనలదీ ఇదే గతి. కనుక ఒక నేల సమ్మిళితమా కాదా అని తేల్చే అమెరికన్ పరీక్ష ఒకటి, ఆ నేల మీద కుర్చీని తోయడానికి పట్టే శ్రమ, 14కు 1 వాలున్న గట్టి నునుపైన తలం మీద తోయడానికి పట్టే శ్రమకంటే తక్కువగా ఉండాలని నియమం పెట్టింది. మెత్తదనం, గట్టిదనం రెండూ కలిగినదిగా నగరాల్లో వాడుతున్నది అక్కడికక్కడే పోతపోసే రబ్బరు నేల. దాని ధర పంచాయతీలకు అందదు, పగిలితే అతుకు వేసే పనివాడు దగ్గరలో దొరకడు, ఎండకు అది కాలిపోతుంది.

మధిర, ఎర్రుపాలెం ప్రాంతపు నల్లరేగడిలో ఈ చిక్కు మరింత ముదురుతుంది. మిర్చికీ పత్తికీ మేలైన ఆ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకఖనిజం ఉంటుంది. దాని పలుచని పొరల మధ్యకు నీరు చేరగానే మట్టి ఉబ్బుతుంది, వేసవిలో నీరు పోగానే కుంచించుకుపోయి బెత్తెడు నెర్రెలు విచ్చుతుంది. వానాకాలంలో చక్రానికి అంటుకొనే జిగట, ఎండాకాలంలో చక్రం ఇరుక్కొనే పగుళ్ళు, మొత్తం మీద ఏ ఋతువులోనూ సాఫీగా సాగని నేల. దీనికి రోడ్ల పనివారికి తెలిసిన మందే ఉంది: పైపొరను తవ్వి తీసి, ఉబ్బని మొరాన్ని పొరలు పొరలుగా పరచి, తడిపి, రోలరుతో గానీ దిమ్మిసతో గానీ గట్టిపరచి, పైన సన్నని రాతిపొడి వేసి, నీరు నిలవకుండా ఇరువైపులా కొద్దిపాటి వాలు ఇవ్వడం. స్థలమంతటికీ ఇది అక్కరలేదు. గేటు నుంచి ప్రతి ఆట పరికరం దగ్గరికీ వెళ్ళే ఒకటిన్నర మీటర్ల వెడల్పు బాట గట్టిగా ఉండి, పిల్లలు పడే అవకాశమున్న చోట్ల మాత్రమే ఇసుక ఉంటే, రెండు అవసరాలూ తీరతాయి. ఇసుకలో ఆడుకోవాలనుకొనే చక్రాల కుర్చీ బిడ్డ కోసం ఇసుకనే పైకి తేవచ్చు. అడుగున మోకాళ్ళు దూరేందుకు కనీసం 61 సెంటీమీటర్ల ఖాళీ ఉండి, పైతలం 78 సెంటీమీటర్లు మించని ఇసుకబల్ల చుట్టూ నిలబడినవారు, కూర్చున్నవారు కలిసి ఆడగలరు.

ఎత్తు విషయంలోనూ పల్లెకు ఒక సౌలభ్యం ఉంది. చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపు 12కు 1 కంటే నిటారుగా ఉండకూడదు, అంటే 1 మీటరు పైకి వెళ్ళాలంటే 12 మీటర్ల పొడవు కావాలి. ఉక్కుతో అంత ర్యాంపు కట్టి జారుడుబల్లకు తగిలిస్తే ఖర్చులో అధికభాగం దానికే పోతుంది. మట్టితో ఒక దిబ్బ పోసి, దాని చుట్టూ మెల్లగా తిరుగుతూ పైకి వెళ్ళే బాట వేసి, దిబ్బ ఒంటికే జారుడుబల్లను పొదిగితే నిచ్చెన ఉండదు, ఎత్తు నుంచి పడిపోయే అంచూ ఉండదు, 1.2 మీటర్ల దిబ్బకు 15కు 1 వాలుతో 18 మీటర్ల బాట చాలు. కుర్చీ నుంచి జారుడుబల్ల మీదకి మారేందుకు దాదాపు కుర్చీ ఎత్తున ఒక దిమ్మె, పట్టుకొనేందుకు ఒక కడ్డీ కావాలి. పైనుంచి జారిన బిడ్డ కింద ఉండగా కుర్చీ పైనే మిగిలిపోతుందన్న సంగతి చాలామంది రూపకర్తలకు ఆలస్యంగా తడుతుంది. దాన్ని కిందికి దించే స్నేహితుడు ఉన్నాడని నమ్మి వదిలేయకుండా, కిందనుంచి పైకి పాకుతూ వెళ్ళేందుకు పచ్చిక వాలు ఒకటి ఉంచడం మేలు.

ఊయలది సులభమైన భౌతికశాస్త్రం. లోలకం ఒకసారి ఊగివచ్చే కాలం దాని పొడవు మీద ఆధారపడుతుంది గాని బరువు మీద కాదు. 2 మీటర్ల గొలుసున్న ఊయలకు సుమారు 2.8 సెకన్లు పడుతుంది, అందులో కూర్చున్నది ఎవరైనా సరే. అయితే మొండెం నిలబెట్టుకోలేని బిడ్డ పలకమీద కూర్చోలేదు కాబట్టి వీపుకు ఎత్తయిన ఆనుడు, నడుముకు పట్టీ ఉన్న కుర్చీ ఊయల అవసరమవుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి పడుకోగల బుట్ట ఊయల ఇంకా మంచిది. అందులో ఎవరికి వైకల్యముందో దూరం నుంచి చూసేవారికి తెలియదు. కుర్చీతో సహా ఎక్కించి ఊపే పెద్ద వేదిక ఊయలలను కొన్ని నగరాలు గొప్పగా చూపుతాయి. అవి బరువైనవి, ఊపులో ఉన్నప్పుడు ఎదుట నిలిచిన పిల్లలకు ప్రమాదకరమైనవి కావడంతో చుట్టూ కంచె వేయవలసి వస్తుంది, చివరికి కంచె లోపల ఒంటరిగా ఊగే బిడ్డ మిగులుతుంది. ఎంత ఖరీదైనదైనా ఆ పరికరం సమ్మిళితం అన్న మాటకు తగదు. రంగులరాట్నాన్ని నేలమట్టానికి సమంగా అమర్చితే కుర్చీ నేరుగా లోపలికి వెళుతుంది, తోసే పిల్లలకూ తిరిగే పిల్లలకూ పని దొరుకుతుంది.

ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాల్లో వేసవి పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. నేరుగా ఎండ తగిలే లోహపు జారుడుబల్ల, ముదురురంగు రబ్బరు గాలి ఉష్ణోగ్రతను మించి వేడెక్కుతాయి. లోహం ఉష్ణవాహకం కాబట్టి అదే ఉష్ణోగ్రతలో ఉన్న చెక్కకంటే ఎంతో వేగంగా చర్మాన్ని కాలుస్తుంది. వెన్నుపాము లోపంతో పుట్టిన బిడ్డకు కాళ్ళలో స్పర్శ ఉండకపోవచ్చు, కాలిన సంగతి పుండు పడేవరకు తెలియకపోవచ్చు. సికిల్‌సెల్ వ్యాధి ఉన్న బిడ్డకు ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్నని రక్తనాళాలను మూసివేయడంతో భరించలేని నొప్పి వస్తుంది. ఆదివాసీ సమాజాల్లో ఎక్కువగా కనిపించే ఈ వ్యాధి నిర్మూలన కోసం కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. భద్రాచలం మన్యంలో ఆటస్థలం గీసేవారు ఈ వ్యాధిని మరువరాదు. అలాంటి బిడ్డకు ర్యాంపు అక్కరలేదు. నీడ, అందుబాటులో మంచినీళ్ళు, అలసిన వెంటనే కూర్చొనే చోటు ఉంటే ఆడగలుగుతుంది. వేప, కానుగ చెట్లు దక్షిణ, పడమర దిక్కుల్లో ముందుగా నాటి, అవి ఎదిగే వరకు తాటాకు పందిరి వేయడం పరికరాలు కొనడంకంటే ముందు చేయవలసిన పని.

చూపు, వినికిడి, స్పర్శల సంగతి వేరు. పూర్తిగా చూపులేని పిల్లలకంటే మందచూపు ఉన్నవారే ఎక్కువ కాబట్టి, మెట్ల అంచులకూ ఊయల స్తంభాలకూ నేలరంగుతో పొంతనలేని పసుపు వేస్తే సగం పని జరుగుతుంది. ఊయల ఊగే పరిధి మొదలయ్యే చోట నేల గరుకుదనం మారితే పాదమే హెచ్చరిస్తుంది. ఆరోగ్యశ్రీ వచ్చాక తెలుగు రాష్ట్రాల్లో పేద కుటుంబాల పిల్లలకు కూడా కాక్లియర్ ఇంప్లాంట్లు, అంటే వినికిడి నాడిని విద్యుత్ సంకేతాలతో నేరుగా ప్రేరేపించే పరికరాలు, అమర్చడం మొదలైంది. ప్లాస్టిక్ జారుడుబల్ల మీద జారినప్పుడు పుట్టే స్థిరవిద్యుత్తు పాతతరం ఇంప్లాంట్ల అమరికను చెరిపే ప్రమాదం ఉండడంతో, బయటి భాగాన్ని తీసి జారమని వైద్యులు చెప్పేవారు; తీసినంతసేపూ ఆ బిడ్డకు తోటివారి మాట వినపడదు. ఆటిజం ఉన్న బిడ్డల్లో కొందరికి గోల, స్పర్శ భరించరానివి, కొందరికి ఎంత తిరిగినా తనివి తీరదు. ఇంద్రియ సమాచారాన్ని మెదడు సమన్వయం చేసుకొనే తీరుపై అమెరికన్ శాస్త్రవేత్త జీన్ ఐరెస్ 1970లలో ప్రతిపాదించిన సిద్ధాంతం నుంచి వచ్చిన చికిత్సల ఫలితాలపై ఏకాభిప్రాయం లేకపోయినా, గోల పెరిగినప్పుడు వెళ్ళి కూర్చొనేందుకు మూడువైపులా మూసిన చిన్న గూడు, చెప్పకుండా పరుగెత్తే బిడ్డ రోడ్డు మీదకి పోకుండా చుట్టూ కంచె, ఒకే గేటు ఉండాలన్న దానిపై వివాదం లేదు.

తెలుగునాట ఈ మార్గంలో కనిపించే ఉదాహరణ విశాఖపట్నం బీచ్ రోడ్డులో స్మార్ట్ సిటీ పథకం కింద నగరపాలక సంస్థ నిర్మించిన ఆల్ ఎబిలిటీస్ పార్కు. పొరుగున బెంగళూరులో, వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కలిసి ఏర్పరచిన కిలికిలి అనే సంస్థ, కోల్స్ పార్కులో నగరపాలక సంస్థతో కలిసి అంతకు చాలా ముందే ఇలాంటి స్థలాన్ని తీర్చిదిద్దింది. అమెరికాలో కనెటికట్ రాష్ట్రపు వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో 1996లో తెరిచిన జొనాథన్స్ డ్రీమ్, టెక్సస్‌లో 2010లో తెరిచిన మోర్గాన్స్ వండర్‌లాండ్ ప్రసిద్ధమైనవి. ఇవన్నీ నగరాలవే, వీటిలో పెద్దవి వాహనమెక్కి వెళ్ళి చూసివచ్చేవి. పిల్లల ఆట మాత్రం బడి వదిలాక, చీకటి పడేలోగా, ఇంటికి కూతవేటు దూరంలో జరిగేది. జిల్లాకు ఒక గొప్ప పార్కుకంటే ఊరికొక ఓపాటి చోటు మేలని చెప్పడానికి ఇదే కారణం.

పరికరాలు లేని ఆటల్లో తెలుగు పల్లెకు కొదవలేదు. వామనగుంటలు, అచ్చనగాయలు, అష్టాచెమ్మా కూర్చొని ఆడేవే. వాటిని నేలమీద గీయడానికి బదులు అరుగు ఎత్తున బండమీద చెక్కితే కుర్చీలోని బిడ్డ కూడా వంతు వేయగలుగుతుంది, గళ్ళ గీతలు లోతుగా ఉంటే చూపులేని బిడ్డ తడిమి ఆడగలుగుతుంది. బంతిలో గవ్వలో గజ్జెలో వేస్తే అది ఎటు పోయిందో చెవికి తెలుస్తుంది. అంధుల క్రికెట్ నడిచేది ఈ పద్ధతి మీదే. కళ్ళకు గంతలు కట్టుకొని ఆడే ఆటలో చూపులేని బిడ్డ తరచూ గెలుస్తాడు, అది తోటిపిల్లలు అతణ్ణి చూసే తీరును ఉపన్యాసాలకంటే తొందరగా మార్చగలదు.

చట్టాలు ఈ విషయంలో మౌనంగా లేవు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం, వైకల్యం ఉన్న పిల్లలకు ఆటపాటల్లో ఇతర పిల్లలతో సమాన అవకాశం ఇవ్వాలని అడుగుతుంది. భారతదేశం దానిని 2007లో ఆమోదించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలమూ అవరోధాలు లేని ప్రవేశమూ ఉండాలంటుంది. 2016 చట్టం 16వ సెక్షన్ బడిలో క్రీడలకూ వినోదానికీ సమాన అవకాశాన్ని విధిగా చేసింది. 2024 నవంబరు 8న రాజీవ్ రటూరీ కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోరాదని, తప్పనిసరి నియమాలుగా రావాలని తీర్పు చెప్పింది. ఇంత చట్టం ఉన్నా, 2022లో మొదలైన తెలంగాణ ‘మన ఊరు మన బడి’ కార్యక్రమం బడుల బాగుకోసం ఎంచుకున్న 12 అంశాల్లో మరుగుదొడ్ల నుంచి ప్రహరీగోడల వరకు ఉండేవి గాని ఆటస్థలం లేకపోయింది.

పల్లెల్లో చివరకు అన్నిటినీ చెడగొట్టేది గేటు. పశువులు రాకుండా పెట్టే తిరుగుడు గేటు, అడ్డకడ్డీల సందు, ఇనుప పైపుల వంతెన మేకతో పాటు చక్రాల కుర్చీనీ ఆపుతాయి. కనీసం 90 సెంటీమీటర్ల వెడల్పుతో, తనంతట తాను మూసుకొనే మామూలు గేటు రెండు పనులూ చేస్తుంది. ఏటా అక్టోబరు 2 నుంచి గ్రామసభల్లో పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ మొదలవుతుంది కనుక, వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఆ సభకు వెళ్ళి, భవిత కేంద్రపు రిసోర్స్ పర్సన్‌ను వెంటబెట్టుకొని, క్రీడా ప్రాంగణానికి గేటు, మొరం బాట, ఇసుకబల్ల, నీడచెట్లు కావాలని తీర్మానంలో రాయించాలి. సర్పంచులూ కార్యదర్శులూ పని అంచనాలు వేయించే ముందు ఆ పిల్లల్ని స్థలానికి పిలిచి ఏది అందుతుందో, ఏది అందదో వారి చేతనే చెప్పించుకోవాలి.